బస్సుకి జ్వరమొచ్చిన రోజు

ఆ రోజుల్లో జెర్సీ సిటీ వీధుల్లో నన్ను చూసిన ప్రతివాడూ ముందు స్పానిష్‌లోనే పలకరించేవాడు. నా రంగు, నా మీసం, నూనె రాసి పక్కకి దువ్విన నా జుట్టు, ఈ మూడూ కలిసి నేను ఏ క్యూబా నుంచో పెరూ నుంచో దిగానని చాటింపు వేసేవి. కాదు బాబూ, నాది భీమవరం దగ్గర పల్లెటూరు అని చెప్పడానికి సరిపడా ఇంగ్లీషు నా దగ్గర ఉండేది కాదు కాబట్టి నవ్వి తల ఊపేసేవాణ్ణి. మనిషి అమెరికా రావాలంటే వీసా కావాలి, ఊపిరితిత్తుల ఎక్స్‌రే కావాలి, మా బావలాంటి బావ కావాలి. మాటకి మాత్రం ఏమీ అక్కర్లేదు. ఎవడి నోట్లోనో కూర్చుని సముద్రం దాటేస్తుంది, దిగిన రేవులో పేరు అదే ఉంచుకుని అర్థం మార్చేసుకుంటుంది. పండితులు ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకుంటారు. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక బడి మానేసినవాణ్ణి. అందుకని నాకు అది ఒక చొక్కాల ఫ్యాక్టరీలో, జ్వరమొచ్చిన ఒక బస్సు వల్ల తెలిసింది.

డెబ్బయ్యో దశకం చివర్లో మా అక్క, బావ నన్ను రప్పించుకున్నారు. బావ పిల్లల డాక్టరు. చదువంటే ప్రాణం. తన బావమరిది హైస్కూల్ కూడా గట్టెక్కలేదన్న విషయం ఆయన్ని కాలిలో ముల్లులా బాధపెట్టేది. "ఏమోయ్, సాయంత్రం బడి ఉంది. వెళ్ళి పరీక్ష పాసవ్వు, ఆ తర్వాత నీ ఇష్టం" అని రోజూ కాఫీతో పాటు పోసేవాడు. నేను ఆ బడికి బయల్దేరి, దారిలో 'మనుషులు కావలెను' అన్న బోర్డు కట్టిన చొక్కాల ఫ్యాక్టరీ కనిపిస్తే, మనిషినే కదా అని లోపలికి వెళ్ళిపోయాను. కత్తిరించిన గుడ్డల కట్టలు ఒక కుట్టుమిషను నుంచి ఇంకో మిషనుకి మొయ్యడం నా ఉద్యోగం. రెండు వందల మిషన్లు ఒకేసారి తిరుగుతుంటే ఎవరి గొంతు వాళ్ళకే వినపడదు. మిషన్ల మీద కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభైమంది స్పానిష్ మాట్లాడేవాళ్ళే. క్యూబావాళ్ళు, పోర్టోరికోవాళ్ళు, మెక్సికోవాళ్ళు, ఇంకా పేర్లు కూడా నేను వినని దేశాలవాళ్ళు.

మొదటి రోజే ఒక అద్భుతం జరిగింది. బొత్తాలు కుట్టే మిషను దగ్గర ఒక పెద్దావిడ (క్యూబా ఆవిడ, అరవయ్యేళ్ళు ఉంటాయి, నేను మనసులో 'బొత్తాలత్త' అని పేరు పెట్టుకున్నాను) నన్ను చూసి "బోతోన్! బోతోన్!" అని అరిచింది. ఆలోచించకుండా వెళ్ళి బొత్తాల డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆవిడ సంతోషించింది. నేను ఆవిడ కన్నా ఎక్కువ సంతోషించాను. కాసేపయ్యాక "కమీసా" అంది. కమీజు! చొక్కా అందించాను. చెడిపోయిన మిషను బాగుచేసే మనిషిని అందరూ "మాయెస్త్రో" అని పిలుస్తున్నారు. మా ఊళ్ళో ఇల్లు కట్టే మేస్త్రీయే కదా! బల్లని "మేసా" అన్నారు, మా నాయనమ్మ మేజాబల్ల అనేది. తువ్వాలుని "తోవాయా" అన్నారు. సాయంత్రం మెట్లు ఎక్కుతూనే అరిచాను.

"బావా! నాకు స్పానిష్ వచ్చేసింది!"

"తెలుగే సరిగ్గా రాదు కదోయ్ నీకు" అన్నాడు బావ పేపరు వెనకనుంచి. నేను సాక్ష్యాలన్నీ వరసగా చెప్పాను. ఆయన పేపరు దించి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "అవి బుడతకీచులు తెచ్చి మన రేవుల్లో దింపిన మాటలు. అంటే పోర్చుగీసువాళ్ళు. వాళ్ళ భాష, స్పానిష్ అక్కచెల్లెళ్ళు. కమీజు మాత్రం అరబ్బుల చేతిమీదుగా వచ్చింది. బొత్తాం, మేస్త్రీ, ఇస్త్రీ, అనాస అన్నీ ఆ సంతే. నాలుగు మాటలు కలిశాయి కదా అని భాష వచ్చేసిందనుకోకు."

"నాలుగు కాదు బావా, ఒక్క రోజులో అయిదు కలిశాయి. ఈ లెక్కన నెలకి..."

"వాడికి లెక్కలు కూడా వచ్చేస్తున్నాయండీ" అంది మా అక్క వంటింట్లోంచి.

బావ చెప్పింది నిజమే. కానీ నాకు అందులో సగమే వినపడింది. మన పూర్వీకులు నా కోసం ముందుగానే స్పానిష్ దిగుమతి చేసి పెట్టారన్నది ఆ సగం. ఇక మిగిలింది మధ్యాహ్నం భోజనాల దగ్గర బొత్తాలత్త నేర్పడం మొదలుపెట్టింది. తన డబ్బాలోంచి అన్నం, నల్ల చిక్కుళ్ళు నా మూతలో వడ్డించి, ఒక్కొక్క మాట పలికించి, సరిగ్గా అంటేనే వేయించిన అరటికాయ ముక్క పెట్టేది. (మా తొమ్మిదో తరగతి మాస్టారు ఈ పద్ధతి పాటించి ఉంటే నేనీపాటికి కలెక్టరుని.) ఆ బల్ల దగ్గర మాటల మీద పెద్ద పెద్ద యుద్ధాలు జరిగేవి. వేరుశనగ గింజల్ని బొత్తాలత్త "మనీ" అనేది. చేతిలో మనీ ఉందా అని అడిగితే నేను జేబు తడుముకునేవాణ్ణి. మెక్సికో నుంచి వచ్చిన గుడ్డలు కత్తిరించే ఆయన "మనీ ఏమిటి, కకావాతె అనాలి" అనేవాడు. మీది ఏదో దీవివాళ్ళ మాట, మాది రాజులేలిన భాషలోంచి వచ్చిన మాట అని ఆయన, స్పెయిన్‌వాడు ముందు దిగింది మా దీవిలోనే కాబట్టి మాదే పెద్దరికం అని ఈవిడ. మా దేశంలోనూ అంతే, ఒక ఊళ్ళో పల్లీలు, ఒక ఊళ్ళో బుడ్డలు, ఒక ఊళ్ళో చెనక్కాయలు అని నేను చేతులతో చెప్పేసరికి ఇద్దరూ నా మీద జాలిపడి యుద్ధం ఆపేవారు. ఒకసారి నాకు బొప్పాయి ఇష్టమని చెబుదామని ఇంగ్లీషులో దాని పేరు గట్టిగా అన్నాను. బొత్తాలత్త చేత్తో నా నోరు మూసేసింది. ఆవిడ ఊళ్ళో ఆడవాళ్ళ ముందు అనకూడని మాటట అది. అక్కడ ఆ పండుని మర్యాదస్తులు 'బాంబు పండు' అంటారట. మాట తప్పితే బాంబు పేలుతుందని నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

ఆవిడ నేర్పిన మాటల్లో నాకు బాగా నచ్చింది గ్వాగ్వా. అంటే బస్సు. "ఎందుకంటారు అలా?" అని అడిగితే భుజాలు ఎగరేసింది. ఇంగ్లీషువాళ్ళ 'వ్యాగన్' నాలుక తిరక్క అలా అయిందని కొందరంటారట. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. చిన్నప్పుడు మా ఊరి బస్సు హారన్ అలాగే మోగేది అని రెండు బుగ్గలూ ఉబ్బించి మోగించి చూపించింది. ఇంకో మాట ఎన్‌ఫెర్మా. ఒంట్లో బాగోలేదని అర్థం. ఆవిడ మిషను ఆగిపోయినప్పుడల్లా "నా మిషను ఎన్‌ఫెర్మా" అని మేస్త్రీకి కేక వేసేది. కాబట్టి నా నిఘంటువులో ఎన్‌ఫెర్మా అంటే చెడిపోయిందనే రాసుకున్నాను.

ఇలా మూడు నెలలు గడిచాయి. మా మేనేజరు పొట్టి టై కట్టుకునే లావాటి మనిషి. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడితే తలనొప్పి వస్తుందనేవాడు. అప్పటిదాకా ఆయనకి దుబాసీగా ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకుని ఫ్లోరిడా వెళ్ళిపోయింది. "ఇక్కడ రెండు భాషలూ వచ్చినవాళ్ళెవరు?" అని ఆయన ఫ్లోరు మధ్యలో నిలబడి అడిగాడు. రెండూ సగం సగం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే చెయ్యి ఎత్తాను. మర్నాటినుంచి నాకు కట్టలు మోసే పని తప్పింది. ఒక కుర్చీ, చెవి మీద పెట్టుకోవడానికి ఒక పెన్సిలు ఇచ్చారు. నేను బావ టై ఒకటి అడక్కుండా తీసుకుని కట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే రాయబారిలా ఉన్నాను.

ఇక కాలరమ్మ గురించి చెప్పాలి. ఆవిడ ఈక్వడార్ కొండల నుంచి కొత్తగా వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. కాలర్లు కుట్టే మిషను. నల్లటి పొడుగు జడ, తలెత్తకుండా పని. ఎవరితోనూ మాట్లాడేది కాదు. భర్త ఎక్కడో పడవలో పనికి వెళ్ళాడని, ఆవిడకి ఈ ఉద్యోగం ఒక్కటే ఆధారమని అందరికీ తెలుసు. నన్ను చూసి ఒకటి రెండుసార్లు నవ్వింది. అక్కడివాళ్ళు నన్ను ఇండియో అనేవారు, ఆవిడ కొండజాతి మనిషి కాబట్టి ఆవిణ్ణీ ఇండియా అనేవారు. ఎప్పుడో ఒక నావికుడు దారి తప్పిన పాపానికి మా ఇద్దరికీ ఒకే ఇంటిపేరు పడింది.

ఒక రోజు పొద్దున్న పదింటికి గోడ ఫోన్ మోగింది. ఆవిడకే. ఫోన్ పెట్టేసి తిన్నగా మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ వారం పెద్ద ఆర్డరు ఉంది, షిఫ్టు మధ్యలో వెళ్ళినవాళ్ళు మళ్ళీ రానక్కర్లేదని మేనేజరు అంతకుముందు రోజే చెప్పించాడు. చెప్పింది నేనే. ఆవిడ గబగబా ఏదో అంది. అంత వేగంలో నాకు దొరికినవి రెండే మాటలు. గ్వాగ్వా, ఎన్‌ఫెర్మా.

"ఏమంటోంది?" అన్నాడు మేనేజరు.

"బస్సు చెడిపోయిందంటోంది సార్."

"ఆమె ఇక్కడే ఉంది కదా? బస్సుతో ఇప్పుడేం పని? సాయంత్రం అయిదుకి బాగవుతుందని చెప్పు."

చెప్పాను. "గ్వాగ్వా, అయిదింటికి, బాగు" అని నాకొచ్చిన స్పానిష్‌లో చెప్పి ధైర్యంగా నవ్వాను. ఆవిడ నా వంక నేనేదో జోస్యం చెప్పినట్టు చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపి "కలియెంతె, కలియెంతె!" అంది. ఆ మాట నాకు తెలుసు, బొత్తాలత్త కాఫీ ఇస్తూ అనేది.

"బాగా వేడెక్కిపోయిందట సార్."

"ఇంజనా? నీళ్ళు పొయ్యమను."

"ఆగ్వా, ఆగ్వా!" అన్నాను, చేత్తో పోస్తున్నట్టు చూపించి. ఆవిడ అవునవును అని తల ఊపింది. ఇప్పటికే తడిగుడ్డలు వేశారని కాబోలు, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. బస్సు నుదురు ఎక్కడుంటుందో నాకు ఒక్క క్షణం సందేహం వచ్చింది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణమే. అంతలో ఆవిడ ఏడుస్తూ "నో పారా, నో పారా!" అంది. పారా అంటే ఆగడం.

"బస్సు ఆగడం లేదట సార్."

"చెడిపోయిన బస్సు ఆగకుండా ఎలా పోతోంది?" అన్నాడు మేనేజరు. ఆ మనిషికి ఉన్న తర్కం నాకు ఉండి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. "అమెరికాలో అన్నీ గట్టివి సార్" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "బస్సు కోసం ఈవిడ పని వదిలి వెళ్తే రేపు రానక్కర్లేదని చెప్పు." నేను "మన్యానా, నో" అన్నాను. రేపు వద్దు. ఆవిడకి అది మాత్రం చక్కగా అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, కోటు తీసుకుని వెళ్ళిపోయింది. మేనేజరు గోడకున్న గూళ్ళలోంచి ఆవిడ హాజరు కార్డు లాగి జేబులో వేసుకున్నాడు.

నేను పెన్సిలు సర్దుకుంటూ బొత్తాలత్త దగ్గరికి వెళ్ళి, బస్సు చెడిపోయిందని ఉద్యోగం వదిలేసే మనుషులు కూడా ఉంటారా అని వింతగా చెప్పాను. ఆవిడ క్యూబా మనిషి కదా, ఆవిడకీ గ్వాగ్వా అంటే బస్సే. ముందు నాతో పాటు ఆశ్చర్యపోయింది. "ఇంకేమంది?" అని అడిగింది.

"ఏదో ఫియెబ్రె, ఫియెబ్రె అని కూడా అంది. నాకు తెలీక వదిలేశాను."

బొత్తాలత్త మిషను ఆపేసింది. "ఫియెబ్రె అంటే జ్వరం. బస్సుకి జ్వరమా?" తనలో తనే రెండుసార్లు అనుకుంది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. వాళ్ళ మేడ మీద ఈక్వడార్ కుటుంబం ఒకటి ఉండేదట. "వాళ్ళ దేశంలో గ్వాగ్వా అంటే బస్సు కాదు రా దేవుడా! పసిబిడ్డ! ఆ పిల్లకి ఎనిమిది నెలల పాప ఉంది!"

ఇప్పుడు ఆ నాలుగు మాటలూ ఒకదాని వెంట ఒకటి నా చెవిలో తిరిగి వినపడ్డాయి. బిడ్డకి బాగోలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఏడుపు ఆపడం లేదు. నేను నవ్వుతూ నీళ్ళు పొయ్యమన్నాను. అయిదింటికి బాగవుతుందన్నాను. రేపు రావద్దన్నాను. ఆ రోజు వరకు నేను చాలా తప్పులు చేశాను. వాటిని తల్చుకుని నవ్వుకున్నాను, నలుగురినీ నవ్వించాను. ఇది అలాంటిది కాదు.

మేనేజరు గది దాకా నడవడానికి అరనిమిషం చాలు. నాకు అది భీమవరం అంత దూరం అనిపించింది. లోపలికి వెళ్ళి నిలబడ్డాను.

"సార్. ఆ బస్సుకి ఎనిమిది నెలలు."

"ఏమిటి?"

"బస్సు కాదు సార్, పాప. జ్వరం. నాకు స్పానిష్ రాదు సార్. తప్పు ఆవిడది కాదు."

ఆయన చాలాసేపు నన్నూ, నా టైనీ చూశాడు. నేను ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చెప్పొద్దూ, పోతే పోనీ, ఆవిడది మాత్రం ఉండాలని అప్పుడు నిజంగానే అనుకున్నాను. ఆయన చెయ్యి చాపాడు. "పెన్సిలు." ఇచ్చేశాను. తర్వాత లేచి వెళ్ళి, జేబులోంచి ఆ కార్డు తీసి మళ్ళీ దాని గూట్లో పెట్టాడు. "వెళ్ళు. ఆమెకి చెప్పు. నువ్వు రేపటినుంచి మళ్ళీ కట్టలు మోస్తావు. ఈసారి చెప్పాల్సింది ఇంకెవరి చేతనైనా రాయించుకుని వెళ్ళు!"

బొత్తాలత్త ఒక చీటీ రాసి ఇచ్చి, ఆవిడ ఉండే వీధి చెప్పింది. నేను గోడ ఫోన్ దగ్గర బావ ఆస్పత్రికి ఫోన్ చేశాను. "బావా, ఒక పసిపాపకి జ్వరం, ఒళ్ళు కాలిపోతోందట. నా వల్ల..." అని అక్కడ ఆగిపోయాను. బావ వీధి పేరు ఒక్కటే అడిగాడు. మధ్యాహ్నం భోజనం మానుకుని కారు వేసుకుని వచ్చాడు.

మూడో అంతస్తులో చిన్న గది. కాలరమ్మ తలుపు తీసి నన్ను చూసి, మళ్ళీ వెయ్యబోయింది. నా వెనక బ్యాగు పట్టుకున్న మనిషిని చూసి ఆగింది. బావ పాపని తీసుకుని, చెవిలో లైటు వేసి చూసి, "చెవి లోపల చీము పట్టింది. మందు వేస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది. భయం లేదని చెప్పవోయ్" అన్నాడు. అంతా ఆ చీటీలో ముందే రాసినట్టు నేను దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. కార్డు గూట్లో ఉంది, రేపు రావచ్చు, ఈ పిల్లాడు గాడిద. బొత్తాలత్త రాసింది అంతేనని తర్వాత తెలిసింది. ఆవిడ చదివి పాప వంక చూసింది. పాప అప్పుడు బావ చేతుల్లో "వావా, వావా" అని సన్నగా ఏడుస్తోంది. అచ్చంగా ఆ మాటే! స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఆ కొండల్లో ఉన్న భాషలో బిడ్డని వావా అనేవారట, తర్వాత అది స్పానిష్ రాతలో గ్వాగ్వా అయిందట. బొత్తాలత్త ఊళ్ళో హారన్ మోగిన మోతా, ఈ కొండల్లో బిడ్డ ఏడ్చిన ఏడుపూ ఎక్కడెక్కడో పుట్టి, ఒకే స్పెల్లింగులో వచ్చి, నా నెత్తిమీద గుద్దుకున్నాయి.

మేం వచ్చేస్తుంటే కాలరమ్మ గుమ్మంలో నిలబడి పెద్ద ప్రసంగం చేసింది. మొదట గొంతు గట్టిగా ఉంది, తర్వాత మెత్తబడింది. నేను చేతులు జోడించి "థాంక్యూ, థాంక్యూ" అని మెట్లు దిగాను.

"ఏమందోయ్?" అన్నాడు బావ.

"తెలీదు బావా."

ఆయన కారు తలుపు తాళం తీశాడు. "నీ నోటి వెంట ఆ మాట వినడం ఇదే మొదటిసారి" అన్నాడు. అని భుజం మీద చెయ్యి వేశాడు. నన్ను సాయంత్రం బడికి వెళ్ళమని ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోయేసరికి ఆ చలికాలంలోనే నేనే వెళ్ళి చేరాను.

మర్నాడు మేనేజరు కాలరమ్మ మిషను దగ్గర ఆగి, టై సవరించుకుని, నావైపు తిరిగి "బస్సు ఎలా ఉందో అడుగు" అన్నాడు. నేను బొత్తాలత్త వంక చూశాను. ఆవిడ అడిగింది. కాలరమ్మ మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. ఆ రోజునుంచి ఫ్లోరంతా నన్ను "చోఫేర్" అని పిలిచారు. అంటే డ్రైవరు. ఈ ఒక్క మాటకి మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే అర్థమని వాళ్ళు నాకు హామీ ఇచ్చారు. ఆ తర్వాత ప్రతివాళ్ళూ తమ ఊరి మాట ఒకటి తెచ్చి నాకు అప్పజెప్పేవారు, ఎక్కడ ఏమనకూడదో కూడా. ఒకరు తప్పు చేస్తే వెంటాడి వేళాకోళం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. వేళాకోళం చేస్తూనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళు నాకు ఆ చొక్కాల మధ్యే దొరికారు.

ఏడేళ్ళ తర్వాత ఆ పాప పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళాను. అప్పటికి నా స్పానిష్ స్పానిష్‌లాగే ఉండేది. రెండు జడలు, ముందు పళ్ళు ఊడిన బస్సుగారు నన్ను "చోఫేర్ అంకుల్" అని లోపలికి లాక్కెళ్ళింది. కాలరమ్మని అడిగాను. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఏమన్నారో ఇన్నేళ్ళుగా తెలుసుకోవాలనుంది, నన్ను దీవించారు కదూ అని. ఆవిడ ఫక్కున నవ్వి, భర్తకి కూడా చెప్పి నవ్వింది.

"సగంసేపు నిన్ను తిట్టాను. ఏడు తరాలూ కలిపి తిట్టాను. తర్వాత, పొయ్యి మీద బంగాళాదుంపల సూప్ ఉంది, చల్లారకముందే ఇద్దరూ కూర్చుని తాగి వెళ్ళండన్నాను. నువ్వు రెంటికీ థాంక్యూ చెప్పి మెట్లు దిగిపోయావు."

ఇరవై రెండేళ్ళ ఆ టై కుర్రాణ్ణి తల్చుకుంటే నాకిప్పుడు కోపం రాదు. ఆ తిట్లన్నీ వాడికి న్యాయంగా రావలసినవే. ఆకలితో మెట్లు దిగి వెళ్ళిపోయాడే, ఆ సూప్ గురించి మాత్రం కొంచెం జాలేస్తుంది.